ట్రాన్సిస్టర్ మోడల్ మన లాబ్‌లోనే తయారు కావాలి

సంపాదకులకు నమస్కారం.

చిప్ డిజైన్ కోర్సుల గురించీ, సెమీకండక్టర్ రంగంలో రాబోయే ఉద్యోగాల గురించీ మీ పత్రిక విద్యా పేజీలో ఈ మధ్య వరుసగా వ్యాసాలు వస్తున్నాయి. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టర్ కార్యక్రమానికి ఆమోదం తెలిపిన దగ్గర్నుంచి ఉత్తరాంధ్రలోనూ ఈ మాట బాగా వినబడుతోంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పిల్లల్ని ఈసీఈలో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు సైతం చిప్ డిజైన్ నేర్పే వీఎల్‌ఎస్‌ఐ లాబ్ ఉందా అని అడుగుతున్నారు. సంతోషించదగ్గ మార్పే. అయితే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసిన వాడిగా, ఇప్పటికీ చుట్టుపక్కల కళాశాలల విద్యార్థుల ప్రాజెక్టులు చూస్తున్న వాడిగా, ఈ చర్చలో ప్రస్తావనకు రాని ఒక విషయాన్ని మీ పాఠకుల ముందు ఉంచదలచుకున్నాను. సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లోనే లెక్కగట్టే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వాడటం మన పిల్లలకు నేర్పుతున్నాం గానీ, ఆ సాఫ్ట్‌వేర్ లోపల ట్రాన్సిస్టర్ స్థానంలో కూర్చునే మోడల్‌ను, అంటే దాని ప్రవర్తనను చెప్పే అంకెల పట్టీని, సొంతంగా కొలిచి రాసుకోవడం నేర్పడం లేదు. నేర్పకపోవడం వల్ల జరుగుతున్న నష్టం పైకి కనిపించనిది కాబట్టి కొంచెం వివరంగా రాయవలసి వస్తోంది.

ఇవాళ అందరూ వాడే సర్క్యూట్ సిమ్యులేటర్లలో చాలావాటికి మూలం అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పెడర్సన్ మార్గదర్శకత్వంలో లారెన్స్ నాగెల్ రాసి, 1973లో లోకానికి అందించిన స్పైస్ అనే ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాంకు ట్రాన్సిస్టర్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి సర్క్యూట్‌లో కరెంట్ల, వోల్టేజీల లెక్క చెప్పే కిర్కాఫ్ సూత్రాలు, మనం ఇచ్చే సమీకరణాలు, ఆ సమీకరణాల్లో మనం నింపే అంకెలు. బేస్, కలెక్టర్, ఎమిటర్ అనే మూడు కాళ్లుండే బైపోలార్ ట్రాన్సిస్టర్ల విషయంలో ఆ సమీకరణాలు బెల్ లాబ్స్‌లో గమ్మెల్, పూన్ అనే ఇద్దరు 1970లో ప్రచురించినవి. అంతకు ముందు 1954 నాటి ఎబర్స్-మోల్ సమీకరణాలకు అవి మెరుగుదల. అందులో పూరించవలసిన అంకెలు నలభై వరకు ఉంటాయి. ఏ వోల్టేజీకి ఎంత కరెంటు వస్తుందో నిర్ణయించే శాచురేషన్ కరెంటును ఐఎస్ అనీ, బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే ఫార్వర్డ్ బీటాను బీఎఫ్ అనీ, కలెక్టర్ వోల్టేజీతో కరెంటు ఎంత పెరుగుతుందో చెప్పే ఎర్లీ వోల్టేజీని వీఏఎఫ్ అనీ పేర్లు పెట్టి, చుక్కతో మొదలయ్యే ఒక్క మోడల్ వరుసలో వాటన్నింటినీ రాస్తారు. మనం ఏ అంకె రాయకుండా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పదు, హెచ్చరించదు. తన దగ్గరున్న డిఫాల్ట్ విలువ వేసుకుని ముందుకు పోతుంది.

చిక్కంతా ఈ మౌనంలోనే ఉంది. స్పైస్‌లో ఐఎస్ డిఫాల్ట్ విలువ 10⁻¹⁶ ఆంపియర్లు. ఆ లెక్కన 1 మిల్లీ ఆంపియర్ కలెక్టర్ కరెంటు రావడానికి బేస్-ఎమిటర్ వోల్టేజీ దాదాపు 0.77 వోల్టులు కావాలి. మన లాబ్‌లో మామూలుగా వాడే బీసీ 547 అనే చిన్న ట్రాన్సిస్టర్‌ను బోర్డు మీద పెట్టి అదే కరెంటు దగ్గర కొలిస్తే మీటరు 0.65 దరిదాపుల్లో చూపిస్తుంది. ఇక ఎర్లీ వోల్టేజీ డిఫాల్ట్ విలువ అనంతం. అంటే కలెక్టర్ వోల్టేజీ ఎంత పెంచినా కరెంటు కదలదు. జంక్షన్ కెపాసిటెన్సులు సున్నా; అంటే యాంప్లిఫయర్ గెయిన్ ఎంత ఫ్రీక్వెన్సీకైనా ట్రాన్సిస్టర్ వల్ల పడిపోదు. బేస్ రెసిస్టెన్స్ కూడా సున్నాయే. అసలు స్పైస్‌లోని గమ్మెల్-పూన్ సమీకరణాల్లో బ్రేక్‌డౌన్ అనేదే లేదు కాబట్టి, 45 వోల్టులు మించకూడదని తయారీదారు చెప్పిన బీసీ 547కు తెర మీద 200 వోల్టులిచ్చినా అది చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. బోర్డు మీద అదే పని చేసిన విద్యార్థికి ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

ఇంటర్నెట్‌లో బీసీ 547 మోడల్ తయారుగా దొరుకుతుంటే ఈ శ్రమ దేనికని చాలామంది అధ్యాపకులు అడుగుతారు. దొరుకుతుంది, నిజమే. ఒకటి కాదు, ఒకే పేరుతో వేర్వేరు అంకెలున్న మోడళ్లు చాలా దొరుకుతాయి. కానీ ఆ అంకెలు ఏ తయారీదారు ట్రాన్సిస్టర్‌వో, ఏ గ్రూపువో, ఏ కరెంటు మేర కొలిచినవో ఆ ఫైళ్లలో సాధారణంగా ఉండదు. డేటాషీట్ ప్రకారం 2 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఏ (A) గ్రూపు బీటా 110 నుంచి 220, బీ (B) గ్రూపు 200 నుంచి 450, సీ (C) గ్రూపు 420 నుంచి 800 వరకు ఉండవచ్చు. రెండో సంవత్సరం పిల్లలు మొదట కట్టే, ఒకే రెసిస్టర్‌తో బేస్ కరెంటు ఇచ్చే ఫిక్స్‌డ్ బయాస్ సర్క్యూట్‌నే తీసుకుందాం. సప్లై 12 వోల్టులు, బేస్ రెసిస్టర్ 1 మెగాఓమ్, కలెక్టర్ రెసిస్టర్ 2.2 కిలోఓమ్‌లు. బేస్ కరెంటు 11 మైక్రో ఆంపియర్ల పైచిలుకు వస్తుంది. మోడల్‌లో బీటా 200 అని ఉంటే సిమ్యులేషన్ కలెక్టర్ దగ్గర 7 వోల్టులు చూపిస్తుంది. చూడ్డానికి ముచ్చటైన ఆపరేటింగ్ పాయింట్. విద్యార్థి చేతిలో ఉన్న ట్రాన్సిస్టర్ బీటా 400 అయితే మీటరు 2 వోల్టులు చూపిస్తుంది, సిగ్నల్ కింది భాగం త్వరగా తెగిపోతుంది. ఇవి రెండూ ఒకే బీ గ్రూపులో పడే విలువలని మరచిపోకూడదు. ఫిక్స్‌డ్ బయాస్ పనికిమాలినదని పుస్తకం చెబుతుంది గానీ, ఎంత పనికిమాలినదో ఈ తేడా చూసిన వాడికే ఒంటబడుతుంది.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగేది. ఆ 2 వోల్టులు రికార్డులోకి ఎక్కవు. సిమ్యులేషన్‌లో 7 వచ్చింది కాబట్టి బోర్డు మీద కూడా 6.9 వచ్చినట్టు రాసి సంతకం పెట్టించుకుంటారు. ఒక కళాశాలలో ప్రాక్టికల్ పరీక్షకు వెళ్లినప్పుడు, మీటరు చూపించిన విలువను ఉన్నదున్నట్టు రాసిన అమ్మాయికి మార్కులు తగ్గించి, తెర మీది అంకెకు దగ్గరగా రాసిన వారికి పూర్తి మార్కులు వేయడం చూశాను. తేడా ఎందుకు వచ్చిందని ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ వైవా ఒక మంచి పాఠమయ్యేది. కొలిచిన వాడు తప్పు, కంప్యూటర్ ఒప్పు అనే అలవాటు పద్దెనిమిదేళ్ల వయసులో పడితే, ఆ తర్వాత ఎంత పెద్ద చిప్ డిజైన్ కోర్సు చేయించినా అది వదలదు.

మన జిల్లాల పరిస్థితిలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాత కళాశాలల స్టోర్లలో ఇప్పటికీ ఎస్‌ఎల్ 100, సీఎల్ 100, బీసీ 107 వంటి లోహపు టోపీ ట్రాన్సిస్టర్లు డబ్బాల నిండా ఉన్నాయి. పనిచేస్తున్నాయి, పారేయనక్కర లేదు. కానీ మన దేశంలో తప్ప పెద్దగా చెలామణీలో లేని ఎస్‌ఎల్ 100కు నమ్మదగిన మోడల్ ఫైలు వెతికి పట్టుకోవడం కష్టం. ఇక గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాల్లో విడిగా కొనే ట్రాన్సిస్టర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటి మీద ముద్రించిన పేరు బీసీ 547 అయినంత మాత్రాన లోపలిది ఏ తయారీదారుదో, ఏ లాట్‌దో అమ్మేవారికీ తెలియదు. ఇలాంటి ఊరూ పేరూ లేని సరుకుకు ఎక్కడో ఎవరో కొలిచిన మోడల్ తగిలించడం ఎదుటివారి కొలతలతో చొక్కా కుట్టించుకోవడమే. కొలిచి మోడల్ రాసుకోవడమే మనకు మిగిలిన దారి, దానికి కావలసిన సరంజామా మన లాబుల్లో ఉంది.

విధానం కూడా మరీ కష్టమైనది కాదు. కలెక్టర్‌కు స్థిరంగా 5 వోల్టులిచ్చి, బేస్ వోల్టేజీని 0.5 నుంచి 0.7 వరకు 20 మిల్లీవోల్టుల చొప్పున పెంచుతూ, ప్రతి అంచె దగ్గరా కలెక్టర్ కరెంటునూ బేస్ కరెంటునూ రాసుకోవాలి. అడుగున బేస్ కరెంటు పదుల నానో ఆంపియర్లలోనే ఉంటుంది కాబట్టి మామూలు మల్టీమీటర్ కరెంటు రేంజిలో ఏమీ తెలియదు. అక్కడ బేస్ దారిలో 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టి దాని మీద పడే వోల్టేజీని కొలవాలి. 10 నానో ఆంపియర్లకు 10 మిల్లీవోల్టులొస్తాయి. మీటరు సొంత రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగాఓమ్‌లు కాబట్టి లెక్కలో 1 మెగాఓమ్‌కు బదులు 0.91 తీసుకోవాలి. ఈ చిన్న సవరణ ఎందుకో చెప్పగలిగిన విద్యార్థికి మీటర్ లోడింగ్ గురించి మళ్లీ పాఠం చెప్పనక్కర లేదు.

వచ్చిన రీడింగులను సెమీలాగ్ కాగితం మీద వేస్తే కలెక్టర్ కరెంటు గీత తిన్నగా వస్తుంది. కరెంటు పది రెట్లయ్యేందుకు 60 మిల్లీవోల్టుల వంతున వోల్టేజీ పెరుగుతుంటే గీత వాలును చెప్పే ఎన్ఎఫ్ అనే అంకె 1కి దగ్గరగా ఉన్నట్టు. 27 డిగ్రీల దగ్గర 0.65 వోల్టులకు 1 మిల్లీ ఆంపియర్ వచ్చిందనుకుంటే, 0.65ను ఆ ఉష్ణోగ్రత దగ్గరి థర్మల్ వోల్టేజీ 0.02585తో భాగించి ఎక్స్‌పొనెన్షియల్ తీసుకుని, దానితో 1 మిల్లీ ఆంపియర్‌ను భాగిస్తే ఐఎస్ సుమారు 1.2 × 10⁻¹⁴ ఆంపియర్లు అని తేలుతుంది. డిఫాల్ట్ విలువకు ఇది 120 రెట్లు. కలెక్టర్ కరెంటు, బేస్ కరెంటు గీతల మధ్య దూరమే బీటా. ఆ దూరం అంతటా ఒకేలా ఉండదు. కింద చిన్న కరెంట్ల దగ్గర తగ్గుతుంది, పైన పెద్ద కరెంట్ల దగ్గర మళ్లీ తగ్గుతుంది. ఆ రెండు తగ్గుదలలకూ మోడల్‌లో వేర్వేరు అంకెలున్నాయి. బీటా అంటే పుస్తకంలో లెక్క చేయడానికి ఇచ్చే ఒక స్థిర సంఖ్య అనుకునే పిల్లలు ఈ గ్రాఫు చూశాక ఆ మాట అనరు.

ఎర్లీ వోల్టేజీ కొలవడానికి బేస్ కరెంటును కదలనీయకుండా ఉంచి కలెక్టర్ వోల్టేజీ మార్చాలి. 2 వోల్టుల దగ్గర 2.0 మిల్లీ ఆంపియర్లు, 10 వోల్టుల దగ్గర 2.2 వచ్చిందనుకోండి. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే సున్నా కరెంటును మైనస్ 78 వోల్టుల దగ్గర తాకుతుంది. వీఏఎఫ్ 78 అని రాసుకోవచ్చు. అయితే ఇక్కడొక మెలిక. 10 వోల్టుల దగ్గర ట్రాన్సిస్టర్‌లో 22 మిల్లీవాట్లు ఖర్చవుతుంది, 2 వోల్టుల దగ్గర ఖర్చయ్యేది 4 మాత్రమే. ఆ తేడాకు ప్లాస్టిక్ టోపీ లోపలి సిలికాన్ మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కుతుంది, బీటా పెరుగుతుంది, మనం కొలిచిన పది శాతం పెరుగుదలలో ఒకటి రెండు శాతం వేడి వల్ల వచ్చినదై ఉంటుంది. అందుకే వోల్టేజీ ఇచ్చిన వెంటనే రీడింగు తీసుకుని సప్లై ఆపేయాలి. మీటరు అంకె నిలకడగా ఆగేదాకా చూస్తూ కూర్చోవడం అన్ని చోట్లా మంచి అలవాటే గానీ, ఇక్కడ కాదు.

కెపాసిటెన్సుల జోలికి మాత్రం మొదటి ఏడాది పోనక్కర లేదనుకుంటాను. కొన్ని పికోఫారడ్లను కొలవడానికి మంచి ఎల్‌సీఆర్ మీటరు కావాలి, లీడ్ల కెపాసిటెన్సే దాన్ని మింగేస్తుంది. అవి డేటాషీట్ నుంచి తీసుకోవచ్చు. కరెంటు గెయిన్ 1కి పడిపోయే ట్రాన్సిషన్ ఫ్రీక్వెన్సీ 300 మెగాహెర్ట్జ్ అని ఉంటే, టీఎఫ్ అనే ట్రాన్సిట్ సమయాన్ని సుమారు అర నానోసెకనుగా వేసుకుంటే మొదటి అంచనాకు సరిపోతుంది.

ఉష్ణోగ్రత విషయం మాత్రం పక్కన పెట్టడానికి వీల్లేదు. స్పైస్ ఎవరూ ఏమీ చెప్పకపోతే కొలతలన్నీ 27 డిగ్రీల దగ్గర జరిగాయనే అనుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయనగరంలో ఏసీ లేని లాబ్ గదిలో 38 డిగ్రీలుంటే అది అతిశయోక్తి కాదు. డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున బేస్-ఎమిటర్ వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి, 11 డిగ్రీల తేడాకు 22 మిల్లీవోల్టులు. అంటే అదే వోల్టేజీ దగ్గర కలెక్టర్ కరెంటు రెట్టింపు దాటిపోతుంది. కొలిచిన రోజు గది ఉష్ణోగ్రతను టీనామ్ అనే అంకెగా మోడల్‌లో రాయకపోతే పడ్డ శ్రమంతా వృథా. ఇంకొకటి, బీటా ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో చెప్పే ఎక్స్‌టీబీ అనే అంకె డిఫాల్ట్ సున్నా. దాన్ని రాయకుండా 50 డిగ్రీలకు సిమ్యులేషన్ నడిపిస్తే బీఎఫ్ ఇసుమంతైనా కదలదు. శ్రీకాకుళం పల్లెల్లో పొలం గట్టు మీద రేకు పెట్టెలో కూర్చునే పంపుసెట్ స్టార్టర్ కార్డును ప్రాజెక్టుగా చేస్తున్న పిల్లలు, ఆ పెట్టె లోపలి వేడిని లెక్కలోకి తీసుకున్నామని రిపోర్టులో రాస్తున్నారు. అన్ని ఉష్ణోగ్రతల దగ్గరా గీతలు ఒకదాని మీద ఒకటి పడితే డిజైన్ గట్టిదని సంబరపడుతున్నారు. ఆ స్థిరత్వం రాయని అంకెల పుణ్యమని వారికి చెప్పేవారు లేరు.

మోడల్ రాసిన తర్వాత దాన్ని పరీక్షించాలి, ఆ పరీక్ష కొలతలకు వాడిన సర్క్యూట్‌లోనే చేయకూడదు. అంకెలు ఏ రీడింగుల నుంచి తీశామో ఆ రీడింగులే తిరిగి వస్తే అందులో వింతేముంది? వేరే సర్క్యూట్, ఉదాహరణకు ఎమిటర్ ఫాలోయర్ గానీ రిలే డ్రైవర్ గానీ కట్టి, సిమ్యులేషన్ ముందుగా చెప్పిన విలువనూ మీటరు చూపించిన విలువనూ పక్కపక్కన పెట్టాలి. రిలే డ్రైవర్‌లో ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ అవుతుంది కాబట్టి, మామూలు యాంప్లిఫయర్ కొలతల నుంచి తీసిన మోడల్ అక్కడ తప్పటడుగు వేస్తుంది. శాచురేషన్‌కు సంబంధించిన రివర్స్ బీటా, కలెక్టర్ రెసిస్టెన్స్ మనం కొలవలేదు కదా. కొలిచిన మేరకే మోడల్‌ను నమ్మాలన్న ఇంగితం అలా వస్తుంది.

దీనికి పరిశ్రమ వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. చిప్పుల్లో ఇవాళ అంతా మాస్‌ఫెట్లనే మరో రకం ట్రాన్సిస్టర్లే, వాటికి బీసిమ్ వంటి మోడళ్లున్నాయి, వాటిలో వందల అంకెలుంటాయి, చిప్ తయారు చేసే సంస్థే వాటిని కొలిచి ఇస్తుంది, విద్యార్థి బీసీ 547తో కుస్తీ పట్టడం ఎందుకు అంటారు. వందల అంకెలున్న ఫైలును చేతికిచ్చి నమ్మమనడానికి ముందు, ఐదారు అంకెల ఫైలును సొంతంగా రాయించాలన్నదే నా వాదన. 2020లో గూగుల్, స్కైవాటర్ సంస్థలు కలిసి 130 నానోమీటర్ల ప్రాసెస్ వివరాలను, ట్రాన్సిస్టర్ మోడళ్లతో సహా అందరికీ ఉచితంగా విడుదల చేశాయి. మన పిల్లలు వాటిని దించుకుంటున్నారు కూడా. ఆ ఫైలు తెరిచి అందులో ఏ అంకె దేన్ని చెబుతోందో చదవగలిగిన వాడికీ, తెరవకుండా వాడే వాడికీ ఉద్యోగంలో చాలా తేడా ఉంటుంది. పైగా మాస్‌ఫెట్లతో చేసే సీమాస్ చిప్పుల్లో స్థిరమైన వోల్టేజీనిచ్చే బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్సులకు ఆధారం ఇప్పటికీ బైపోలార్ జంక్షనే. మోడల్ రాయడం మన చేతకాని పని కూడా కాదు: గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ల కోసం ఐఐటీ కాన్పూర్ పరిశోధకుల కృషితో రూపొందిన ఏఎస్ఎం-హెమ్ట్ అనే మోడల్‌ను 2018లో అంతర్జాతీయ కాంపాక్ట్ మోడల్ కూటమి పరిశ్రమ ప్రమాణంగా ఆమోదించింది.

ఖర్చు మాట ఎత్తడానికి కూడా లేదు. ఎన్‌జీస్పైస్, ఎల్‌టీస్పైస్ ఉచితం. ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు వారు ఎన్‌జీస్పైస్ ఆధారంగా తయారు చేసిన ఈసిమ్ కూడా ఉచితమే. లాబ్‌లో ఉన్న పాత కంప్యూటర్ల మీదే ఇవి నడుస్తాయి. ట్రాన్సిస్టర్ ధర చెప్పుకోదగ్గది కాదు. కావలసినదల్లా మూడు గంటల చొప్పున రెండు లాబ్ తరగతులు, ఒక థర్మామీటరు, తేడాలను దాచిపెట్టని రికార్డు పుస్తకం.

అందువల్ల విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం పాఠ్య ప్రణాళికా మండలినీ, పాలిటెక్నిక్‌ల సిలబస్ చూసే రాష్ట్ర సాంకేతిక విద్యా మండలినీ మీ పత్రిక ద్వారా కోరేది ఇది. ఎలక్ట్రానిక్ డివైసెస్ లాబ్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ క్యారెక్టరిస్టిక్స్ గీసే ప్రయోగం ఎలాగూ ఉంది. దాన్ని గ్రాఫు గీయడంతో ఆపేయకుండా, ఆ రీడింగుల నుంచి మోడల్ వరుస రాసి, వేరే సర్క్యూట్‌లో పరీక్షించేదాకా పొడిగించాలి. మార్కులు సిమ్యులేషన్‌కూ కొలతకూ పొంతన కుదిరినందుకు కాక, కుదరని చోట కారణం చెప్పినందుకు వేయాలి. ప్రతి కళాశాలా తన స్టోర్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ల లాట్ ఒక్కొక్కదానికి ఒక మోడల్ ఫైలు ఉంచుకుని, ఫైలు పైభాగంలో ట్రాన్సిస్టర్ మీది ముద్ర, కొన్న నెల, కొలిచిన రోజు గది ఉష్ణోగ్రత, ఎంత కరెంటు నుంచి ఎంత దాకా కొలిచారన్న వివరాలు రాయించాలి. రెండు జిల్లాల కళాశాలలూ ఆ ఫైళ్లను ఇచ్చిపుచ్చుకుంటే, ఎస్‌ఎల్ 100 వంటి పాత సరుకుకు కూడా ఒకటి రెండేళ్లలో నమ్మదగిన మోడల్ మన దగ్గర ఉంటుంది. వచ్చే విద్యా సంవత్సరం లాబ్ మాన్యువళ్లు ముద్రణకు వెళ్లేలోపు ఈ మార్పు జరిగేలా సంబంధిత అధికారులు చూడాలని మనవి.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ విశ్రాంత అధ్యాపకుడు,
విజయనగరం.